మెడ చాచిన కొంగ

"ఇంకా రెండున్నర గంటలు," అన్నాడు సిమియన్ నడ్, గడ్డి మీంచి లేవకుండానే. "పదకొండింటికి బండి వస్తుందట. నార్విచ్ కోట జైల్లో నాకు గది సిద్ధం చేశారట. పొద్దున్నే నా మొహం చూడ్డానికొచ్చారేంటి కానిస్టేబులు గారూ? కొట్టు తెరవలేదా ఇవాళ?"

జేబెజ్ లార్టర్ లోపలికొచ్చాడు. లాకప్పు తలుపు దగ్గరకు లాగి, బోర్లించి ఉన్న బకెట్టు మీద కూర్చున్నాడు. కానిస్టేబులు పని పేటలోని వర్తకులకు వంతులవారీగా వస్తుంది. ఈ ఏడు అతని వంతు. అసలు వృత్తి కాగితాలు, రంగులు, కుంచెలు అమ్మడం. ఇరవై రెండేళ్లుగా అదే పని. కాగితాన్ని వేళ్ల మధ్య పట్టుకుంటే దాని బరువు చెప్పగలడు. మనుషుల బరువు కూడా అలాగే తేలుస్తానని అతనికో నమ్మకం ఉండేది. మూడు రాత్రులుగా ఆ నమ్మకం అతన్ని నిద్రపోనివ్వడం లేదు.

మంగళవారం ఉదయం పదికీ పన్నెండుకీ మధ్య ధాన్యం వర్తకుడు ఎడ్మండ్ కాచ్‌పోల్‌ను అతని సొంత రేవులోనే ఎవరో తల పగలగొట్టి ఏట్లోకి తోసేశారు. పక్కనే నడ్ పడవ గెడ దొరికింది. దాని కొసన నెత్తురు ఉంది. ముందు రోజు నడ్ ఆ ముసలాయనతో గొడవపడటం అందరూ చూశారు. ముసలాయన ఆస్తి చేరేది అన్న కొడుకు లయొనెల్‌కి. అనుమానం అతని మీదికీ వెళ్లింది కానీ నిలబడలేదు. తొమ్మిదింటికి ఒక పడవవాడు అతన్ని మూడు మైళ్ల ఎగువన రీడ్ కార్నర్‌లో దింపాడు. ఒంటిగంటకు మళ్లీ అక్కడే ఎక్కించుకున్నాడు. ఆ నాలుగు గంటలూ గట్టున కూర్చుని ఏటిని బొమ్మ వేశానన్నాడు లయొనెల్. నీటిరంగుల బొమ్మ తీసి చూపించాడు కూడా.

ఆ మధ్యాహ్నమే బొమ్మను పరీక్షించి మేజిస్ట్రేటు ముందు సాక్ష్యం చెప్పింది లార్టరే. "కాగితం నేను సోమవారం పొద్దున విప్పిన కట్టలోది. మూలన మా కొట్టు ముద్ర ఉంది. ఆ కట్టలోంచి అమ్మింది ఒకే ఒక్క షీటు, అదీ ఈయనకే. ఇన్ని పూతలు వేసి ఆరబెట్టుకోవడానికి మూడున్నర గంటలకు తక్కువ పట్టదు. పైగా ఇంకా తడిగానే ఉంది." అంతే అన్నాడు. త్రాసులో లయొనెల్ పళ్లెం తేలిపోయింది. నడ్ పళ్లెం కిందికి దిగింది. ఇప్పుడు ఆ పళ్లెంలో ఉన్నది ఒక మనిషి మెడ.

"బుధవారం విచారణలో ఆ బొమ్మ చూసి నువ్వు నవ్వావు," అన్నాడు లార్టర్. "ఎందుకు?"

"ఇప్పుడా అడిగేది?"

"ఇప్పుడే అడుగుతున్నా. చెప్పు."

నడ్ లేచి కూర్చున్నాడు. సంకెళ్లు గలగలమన్నాయి. "కొంగని చూసి నవ్వొచ్చిందయ్యా. ఆకాశంలో ఒక కొంగ పోతోంది చూశారా? మెడ బారుగా చాచుకుని పోతోంది. బూడిద కొంగ ఎగిరేటప్పుడు మెడ మడిచి భుజాల మధ్య పెట్టుకుంటుంది. మా పడవల్లో పాకే పిల్లకాయలకి కూడా తెలుసు. నాలుగు గంటలు గట్టున కూర్చుని చూసినోడు అలా ఎలా వేస్తాడు?"

"బాతేమో."

"వెనక్కి అంత పొడుగు కాళ్లేసుకునా? ఆ లయొనెల్ బాబు గట్టు మీద కూర్చున్నాడు గానీ, ఏటికేసి వీపు పెట్టి కూర్చున్నాడేమో లెండి."

"నీ గెడ?"

"రేవు గోడకి ఆనించి సారా కొట్టుకి పోయా. వందసార్లు చెప్పా. ఎవడైనా తియ్యొచ్చు. లండన్ నుంచి దిగిన ఆ పరిశోధకాయన రాసుకుంటేగా!"

లార్టర్ లేచాడు. తలుపు దాకా వెళ్లి ఆగాడు. "మంగళవారం గాలి ఎటు వీచింది?"

"తూర్పు గాలి. ఎముకలు కొరికే పొడి గాలి. మా ఆవిడ ఉతికినవి గంటలో ఆరిపోయాయి. ఏం?"

లార్టర్ కుడి చెయ్యి దానంతటదే పైకి లేచింది. కాగితం ఆరిందో లేదో చూడాలంటే వేళ్లతో చూడరు, చెయ్యి వెనక్కి తిప్పి ఆనిస్తారు. లోపల తడి ఉంటే చల్లగా తగులుతుంది. ఆ రోజు మేజిస్ట్రేటు బల్ల మీద ఉన్న బొమ్మకు అతను అలాగే చెయ్యి ఆనించాడు. ఎక్కడ? తనకు దగ్గరగా ఉన్న పై మూలన. అంటే ఆకాశం మీద.

నీటిరంగుల్లో అన్నిటికన్నా ముందు వేసేది ఆకాశమే. పొడి గాలిలో తొమ్మిదిన్నరకు వేసిన ఆకాశం మధ్యాహ్నం రెండింటికి ఎలా తడిగా ఉంటుంది? చివరికి వేసిన రెల్లు తడిగా ఉండాలి. ఆకాశం ఎండుటాకులా ఉండాలి. ఎవరో ముందే ఆరిన బొమ్మకు వెనక తడిగుడ్డ వేసి చల్లబరిచారు. ఇరవై రెండేళ్లు ఆ వ్యాపారం చేసి, చేతికందిన మూల ముట్టుకుని ఊరుకున్నాడు.

"ఏమీ లేదు," అన్నాడు. తలుపు తీసుకుని బయటికి నడిచాడు.

*

తొమ్మిదీ పదికి ఫీబీ మేస్ తలుపు తట్టాడు. రాత్రి గాలి పడిపోయింది. ఏటి మీంచి లేచిన పొగమంచు గుమ్మాల దాకా వచ్చింది.

ఫీబీకి నలభై దాటాయి. తండ్రి అంబ్రోజ్ మేస్ బతికుండగా పేటకంతటికీ చిత్రలేఖనం నేర్పాడు. పోతూపోతూ కూతురికి రెండు వందల నీటిరంగుల బొమ్మలు వదిలిపోయాడు. ప్రతిదానికీ వెనక ఒక నంబరు ఉంటుంది. చందా కట్టిన ఇళ్లవాళ్లు వారానికొకటి తీసుకెళ్లి, ఇంట్లో దాన్ని చూసి మరొకటి వేసుకుని, తిరిగి ఇచ్చేస్తారు. పేటలో సగం గోడలకు వేలాడేది ముసలి మేస్ చూసిన ఏరే. నిజం ఏటికేసి చూసినవాళ్లు తక్కువ.

"రీడ్ కార్నర్," అన్నాడు లార్టర్ కూర్చోకుండా. "నీళ్లు నిశ్చలంగా, ఎడమన గాలిమర, కుడిన రెల్లు. మర పైన ఒక పక్షి. అలాంటిది మీ నాన్నగారి వాటిలో ఉందా ఫీబీ గారూ?"

"ముప్పై ఒకటో నంబరు. కానీ పక్షేమిటి? మా నాన్నగారు జన్మలో పక్షిని వెయ్యలేదు. కదిలేదేదీ ఆయనకి గిట్టదు. ఆవుల్ని కూడా పడుకున్నాకే వేసేవారు."

ఆమె అట్టపెట్టె తెరిచి ముప్పై ఒకటి తీసి కిటికీ దగ్గర పెట్టింది. లార్టర్ వంగి చూశాడు. అదే ఏరు, అదే మర, అదే లేత పసుపు వెలుగు. మర రెక్కకు రెండు వేళ్ల పైన గోధుమరంగు మచ్చ ఒకటి ఉంది. మినప గింజంత.

"ఇదీ?"

ఫీబీ ఎర్రబడింది. "మీకొక్కరికే చెబుతున్నా. బయట అనకండి. అది ముక్కుపొడి."

"ముక్కుపొడా?"

"ఆకాశం ఇంకా ఆరలేదు. నాన్నగారు తుమ్మారు. అంతే. ఎంత తుడిచినా పోలేదు. పిల్లలు 'ఇదేం పక్షి మిస్' అని అడిగితే, మీకేది తోస్తే అదే అంటాను. ఇంకేం చెప్పను? నాన్నగారి ముక్కు గురించి పేటంతా నవ్వుకోవాలా? పాదిరిగారి చెల్లెలు భరతపక్షిని చేసింది. డాక్టరుగారి భార్య గద్ద అంది. ఎవరి పక్షి వాళ్లది."

లార్టర్ మచ్చ మీద వేలు పెట్టాడు. "పొడుగు కాళ్లు వెనక్కి, మెడ ముందుకు చాచి... అది ఎవరి పక్షి?"

"ఓ, అదా!" ఫీబీ నవ్వింది. "లెట్టీ డెన్నింగ్. మేజిస్ట్రేటుగారి అమ్మాయి. కొంగ మెడ మడుచుకుంటుందమ్మా అని రెండుసార్లు చెప్పా. 'ఇలాగే అందంగా ఉంది మిస్' అంటుంది. ఏ బొమ్మ ఇచ్చినా అందులో ఒక కొంగ ఎగరాల్సిందే."

"ముప్పై ఒకటి ఆమె ఎప్పుడు తీసుకెళ్లింది?"

"కిందటి శుక్రవారం. బుధవారం తిరిగొచ్చింది."

"లయొనెల్ కాచ్‌పోల్‌కి బొమ్మలు వేయడం వచ్చా?"

"రెండు నెలలు ఇక్కడికొచ్చాడు. ఆకాశం వెయ్యడమే రాలేదు. అన్నీ చారలే. అతను నేర్చుకున్నదల్లా లెట్టీ పక్కన కూర్చోవడం." ఆమె నవ్వు ఆగిపోయింది. "ఎందుకడుగుతున్నారు లార్టరు గారూ?"

"ఇది నాకు ఒక గంట ఇవ్వండి," అంటూ అతను ముప్పై ఒకటిని కోటు లోపలికి దోపాడు.

*

డెన్నింగ్ దొరగారి ఇంటి ముందు బండి అప్పటికే నిలబడి ఉంది. అందులో నడ్ ఉన్నాడు. లోపల, లండన్ నుంచి కాచ్‌పోల్ కుటుంబం పిలిపించిన నేర పరిశోధకుడు బ్రాక్స్‌బీ నిప్పు ముందు నిలబడి చేతి తొడుగులు తొడుక్కుంటున్నాడు. సమయం పదీ అయిదు.

"పదకొండు అన్నారు," అన్నాడు లార్టర్.

"పొగమంచు కదా. ముందే బయల్దేరుతున్నా," అన్నాడు బ్రాక్స్‌బీ. "నీకు దేనికయ్యా ఈ హడావుడి? కొట్లో కాగితాలు ఎలకలు కొట్టేస్తాయి, పో."

"దొరగారూ, ఆ బొమ్మ తీయించండి. నా మాట వెనక్కి తీసుకుంటున్నా."

డెన్నింగ్ తలెత్తాడు. పెద్దమనిషి, నిదానస్తుడు. ఇనప్పెట్టె తెరిచి బొమ్మ బల్ల మీద పెట్టాడు. లార్టర్ పక్కనే ముప్పై ఒకటిని పరిచాడు.

బ్రాక్స్‌బీ రెంటినీ ఒక్క చూపు చూసి పెదవి విరిచాడు. "ఒకటే ఏరు. ఒకటే మర. ఇద్దరు ఒకే చోట కూర్చుంటే ఒకేలా రాదా?"

"వస్తుంది. ఏరు అక్కడే ఉంటుంది, మర అక్కడే ఉంటుంది. కానీ ఈ మచ్చ ముసలి మేస్ తుమ్మితే పడిన ముక్కుపొడి. అది కాగితం మీద పడింది, ఏటి మీద కాదు. పాతికేళ్ల కిందటి తుమ్ము మంగళవారం పొద్దున రీడ్ కార్నర్ మీద ఎలా ఎగిరిందో చెప్పండి."

డెన్నింగ్ వేలితో ఒక బొమ్మలో మచ్చ నుంచి మర రెక్క దాకా కొలిచాడు. అదే వేలిని రెండోదానిలో కొంగ దగ్గర పెట్టాడు. వెంట్రుకవాసి తేడా లేదు.

"సరే, దీన్ని చూసి దాన్ని వేశాడు," అన్నాడు బ్రాక్స్‌బీ. "సిగ్గుపడి చెప్పలేదు. కుర్రాడి గొప్పలు. దానికీ హత్యకీ ఏమిటి? తడిగా ఉందని చెప్పింది నువ్వు కాదూ?"

"నేనే. తప్పు చెప్పా. ఆకాశం ముట్టుకుని చెప్పా. ముందు వేసిన ఆకాశం, ఆ గాలికి అప్పటికే ఆరిపోవాలి. బొమ్మ సోమవారమే అయిపోయింది. మంగళవారం అతను చేసిందల్లా దాన్ని తడపడమే. మరి ఆ నాలుగు గంటలూ ఏం చేశాడు? ఏటి మీద మూడు మైళ్లు, కానీ పొలాలకి అడ్డంగా నడిస్తే రెండే. వెళ్లడానికి నలభై నిమిషాలు, రావడానికి నలభై. ఇంకా రెండు గంటల నలభై నిమిషాలు మిగిలాయి. ముసలాయన తల మీద ఒక్క దెబ్బకి ఎంతసేపు కావాలి?"

"ఊహలు! మూడు రోజుల కిందట ఒక మాట, ఇవాళ ఒక మాట. రేపు ఇంకోటి అమ్ముతావు. దొరగారూ, ఇతని నోటికి విలువేముంది?"

"నా నోటికి లేదు," అన్నాడు లార్టర్. "వేసినవాళ్ల నోటికి ఉంటుంది. లయొనెల్‌కి ఆకాశం వెయ్యడం రాదు. కాగితం కొన్నది అతను, వేసింది మరొకరు. పాపం వాళ్లకి ఏమీ తెలియదు. ఏదో ముచ్చటపడి అడిగాడనుకుని వేసిచ్చి ఉంటారు. ఈ బొమ్మ పెట్టెలో ఉంది కాబట్టి వాళ్ల కంటపడలేదు. కంటపడిన రోజు అతని పని అయిపోతుంది."

"ఎవరు వేశారు?" అన్నాడు డెన్నింగ్.

లార్టర్‌కు ఆ పేరు నోట రాలేదు. "మీ హాల్లో గోడ మీద బొమ్మలున్నాయి దొరగారూ. ఒక్కసారి చూసి రండి. ఆకాశాలు చూడండి."

డెన్నింగ్ కళ్లజోడు తీసుకుని హాల్లోకి వెళ్లాడు. అడుగుల చప్పుడు వినపడింది. ఆగింది. మళ్లీ రెండడుగులు. మళ్లీ ఆగింది. బ్రాక్స్‌బీ గడియారం తీసి చూసుకుని, చూసిన సంగతి మరిచిపోయి మళ్లీ తీశాడు.

తిరిగొచ్చేసరికి దొరగారి మొహంలో రంగు లేదు.

"ఆరు బొమ్మలు. ఐదింటిలో పక్షి. ఐదూ ఇలాంటివే." బల్ల అంచు పట్టుకున్నాడు. "రోజూ వాటి కిందనించే భోజనానికి వెళ్తాను. తలెత్తి చూడలేదు." గొంతు పెంచాడు. "మార్తా! లెట్టీని పిలు."

పనిమనిషి గుమ్మంలోకి వచ్చింది. "చిన్నమ్మగారు లేరండీ. తొమ్మిదిన్నరకే లయొనెల్ బాబుగారితో పడవలో వెళ్లారు. రీడ్ కార్నర్‌లో బొమ్మలు వేసుకుంటారట. రాత్రి మీరే సరేనన్నారు కదండీ."

డెన్నింగ్ లార్టర్‌కేసి తిరిగాడు.

"నువ్వు సాక్ష్యం చెప్పాకే సరేనన్నాను లార్టర్," అన్నాడు డెన్నింగ్. కోపంగా అనలేదు. కోపంగా అనుంటే లార్టర్ కొంచెం ఊపిరి పీల్చుకునేవాడు.

*

రేవులో అడుగు దూరం కనిపించడం లేదు. ఉన్నది ఒక్కటే చిన్న పడవ. తెడ్డు పట్టిన ఇంటి నౌకరు చేతులెత్తేశాడు. "ఈ మంచులో ఎదురు వాలుకి నావల్ల కాదండీ. ఒండ్రులో కూరుకుపోతాం."

"గట్టున గుర్రం?"

"గట్టు కనిపిస్తేగా!"

లార్టర్ బండికేసి తిరిగాడు. "ఒక్కడున్నాడు."

"కుదరదు!" బ్రాక్స్‌బీ అడ్డం నిలబడ్డాడు. "వాడు నా ఖైదీ. ఒక్కసారి పడవెక్కితే సముద్రం దాకా ఆగడు. వాడు పారిపోతే ఎవరి పూచీ?"

"నాది," అన్నాడు డెన్నింగ్. "తాళంచెవి ఇలా ఇవ్వండి."

"దొరగారూ, చట్టం..."

"తాళంచెవి."

దొరగారే సంకెళ్లు విప్పాడు. నడ్ మణికట్లు రుద్దుకుంటూ కిందికి దిగాడు. నలుగురినీ ఒక్కొక్కర్నే చూశాడు. లార్టర్ రెండు ముక్కల్లో సంగతి చెప్పాడు.

"గెడ కావాలి," అన్నాడు నడ్. "తెడ్లతో ఈ ఒండ్రులో పని జరగదు. పొడుగు గెడ."

బండిలో, గోనెగుడ్డలో చుట్టి ఉన్నది ఒక్కటే. బ్రాక్స్‌బీ నోరు తెరిచాడు. "అది సాక్ష్యం! దాని మీద నెత్తురు..."

డెన్నింగ్ గోనె లాగి పారేసి గెడను నడ్ చేతిలో పెట్టాడు.

నడ్ దాన్ని ఒకసారి చేతుల్లో ఊపి చూసుకున్నాడు, పోయిన వస్తువు దొరికినట్టు. "మీరూ ఎక్కండి కానిస్టేబులు గారూ. మీ మాట బరువెంతో ఈసారి నా పడవలో కూర్చుని చూద్దురుగాని."

లార్టర్ ఎక్కాడు. గెడ నీళ్లలో దిగింది, పడవ మంచును చీల్చుకుంటూ కదిలింది. డెన్నింగ్ రేవు అంచున నిలబడి కూతురి పేరు పెట్టి ఒక్క కేక వేశాడు.

వంద గజాలు పోయారో లేదో ముందు ఏదో తెల్లగా తేలుతూ వచ్చింది. "ఆపు!" అన్నాడు లార్టర్. ఒంగి రెండు చేతులతో ఎత్తాడు.

కాగితం. మూలన అతని కొట్టు ముద్ర. పైభాగంలో నీలం పూత, అంచుల్లో కరిగి జారుతోంది. ఆకాశం మాత్రమే వేసి ఉంది. కొంగ ఇంకా ఎగరలేదు.

"చిరిగిందా?" అన్నాడు నడ్.

"లేదు. ఆగు." లార్టర్ వెనక వైపు వేళ్లతో నొక్కాడు. జిగురు పట్టించిన మందపు కాగితం. అడుగు మెత్తబడింది, మధ్యపొర ఇంకా గట్టిగానే ఉంది. ఇలాంటి కాగితం బొమ్మ వైపు పైకి ఉండి తేలితే పావుగంట ఆగుతుంది. తర్వాత నాని మునిగిపోతుంది. ఈసారి పై మూల, కింద మూల, మధ్య, అంచులు, అన్నీ ముట్టుకున్నాడు. "పది నిమిషాలు. పావుగంటకు మించదు. ఏటి వాలు గంటకి ఎంత?"

"మైలు."

"అయితే ఇది మూడు మైళ్ల మీంచి రాలేదు. వాళ్లు రీడ్ కార్నర్‌కి పోనే లేదు. పావుమైలు లోపలే ఉన్నారు."

గెడ మీద నడ్ చేతులు బిగిశాయి. మంచులోకి చూస్తూ నెమ్మదిగా అన్నాడు.

"పావుమైలు లోపల పడవ కట్టే చోటు ఒక్కటే ఉందయ్యా. ముసలాయన రేవు. లండనాయన సీలేయించాక మూడు రోజులుగా అటు మనిషన్నవాడు పోలేదు."

అప్పుడు ఎగువనుంచి చప్పుడు వచ్చింది. చెక్క మీద చెక్క తగిలినట్టు, ఒక్కసారి. ఆ వెంటనే నీళ్లలో ఏదో బరువుగా పడింది.

నడ్ ఒంటిబరువంతా గెడ మీద వేశాడు.